ఎయిర్ రైఫిల్ నేర్చుకునేవాళ్లకు: ముందు ఏం కొనాలి, రైఫిల్ ఎప్పుడు కొనాలి

పోయిన ఎండాకాలంలో దేవరకొండ నుంచి వచ్చిన ఒక ఇంటర్ కుర్రాడు ఫోన్ నా ముందు పెట్టి, "అన్నా, ఈ మిషన్ మన దగ్గర ఎక్కడ దొరుకుతది?" అని అడిగాడు. వీడియోలో ఒక అమెరికా పెద్దాయన తన షెడ్డులో కూర్చుని, పేల్చేసిన తూటాల ఇత్తడి తొడుగుల్లో మళ్లీ తుపాకి మందు తూచి పోస్తున్నాడు. పైన గుండు పెట్టి, ప్రెస్సు పిడిని కిందికి లాగుతున్నాడు. తూకంలో వెంట్రుకంత తేడా కూడా రానివ్వడం లేదు.

అక్కడ రైఫిల్ తూటాలు ఇంట్లో నింపుకోవడం చాలామందికి అలవాటు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. "ఆ మిషన్ సంగతి మరిచిపో తమ్మీ" అని చెప్పాను. కానీ వాడి మనసు లాగుతున్నది తూటా కాదని మాటల్లోనే తెలిసిపోయింది. ఒకే చోట, ఒకే తీరుగా, వందసార్లు తగలాలన్న పట్టుదల అది. దానికి మన దగ్గర చక్కని దారి ఉంది: 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఇందులో మందు లేదు, తొడుగు లేదు. గాలి ఒత్తిడికి చిన్న సీసపు పెల్లెట్ వెళ్తుంది, అంతే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది ఈ పోటీలోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది కూడా ఇందులోనే. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం గెలిచిందీ ఇదే ఆటలో.

నేను నల్లగొండలో ఉంటాను. ఈ ఆట ఆడుతూ, వచ్చిన పిల్లలకు నిలబడటం, గురి పట్టడం నేర్పుతూ ఉంటాను. పిల్లల్ని తీసుకొచ్చే నాన్నలు అందరూ మొదట అడిగేది ఒకటే: "సార్, ఏ రైఫిల్ కొనాలె?" రైఫిల్ చివర్లో కొనండి అని చెప్తే చాలామందికి నచ్చదు. అయినా అదే చెప్తాను, ఎందుకంటే నేను తలకిందులుగా చేసి నష్టపోయాను. పదేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక దుకాణంలో బారెల్, అంటే గొట్టాన్ని, కిందికి వంచి లోడ్ చేసే స్ప్రింగు ఎయిర్ గన్, దాని మీద టెలిస్కోపు, రెండూ కలిపి అంటగట్టారు. ఈ పోటీల్లో టెలిస్కోపు పెట్టనివ్వరన్న సంగతి వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. తొమ్మిది నెలలు దానితో సాధన చేశాను. తర్వాత అసలు రైఫిల్ చేతికొచ్చాక, ఆ తొమ్మిది నెలల్లో పడిన తప్పు అలవాట్లు వదిలించుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ముందు ఒక పేపర్ టార్గెట్ చూడండి

ఏం కొనాలో తెలియాలంటే ఎక్కడ కొట్టాలో తెలియాలి. ఒక టార్గెట్ కార్డు తెచ్చి అరచేతిలో పెట్టుకోండి. మధ్యలో నల్లటి గుండ్రం, దాని అడ్డకొలత 30.5 మిల్లీమీటర్లు. ఆ నలుపు నట్టనడుమ తెల్లటి చుక్క ఒకటి ఉంటుంది. అదే పది. దాని అడ్డకొలత అర మిల్లీమీటరు, అంటే ఆవగింజ కంటే చిన్నది. మీ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లది, చుక్కకు తొమ్మిదింతలు. పది మీటర్ల దూరం నుంచి, నిలబడి, 60 సార్లు కొట్టాలి. పేపర్ టార్గెట్లయితే గంటన్నర టైమ్, ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే గంటా పావు. పెద్ద పోటీల్లో పదిని కూడా పది భాగాలు చేసి 10.9 వరకు పాయింట్లు ఇస్తారు. అంటే 60 షాట్లకు అత్యధికం 654.

ఇంత సన్నని పని చేసేటప్పుడు మీ రైఫిల్ ఎంత ఖరీదైనదైనా, కాలు కదిలితే షాట్ కదులుతుంది. అందుకే ముందు ఖర్చు ఒంటికి, తర్వాత రైఫిల్‌కి.

చట్టం సంగతి

0.177 అంగుళాలకు, అంటే 4.5 మిల్లీమీటర్లకు మించని బోరు (గొట్టం లోపలి అడ్డకొలత), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడేవి దీనికి చాలా లోపలే ఉంటాయి. 0.22 బోరు జోలికి మాత్రం వెళ్లకండి. దుకాణంలో ఆధార్ అడుగుతారు, ఇవ్వండి. బిల్లు తీసుకుని ఫోటో కూడా తీసి దాచుకోండి.

లైసెన్సు అక్కర్లేదంటే ఎక్కడైనా కాల్చొచ్చని కాదు. కొంగలు, పావురాలు, కుందేళ్ల మీద ఎయిర్ గన్ పేల్చేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది కేసు అవుతుంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు వెళ్లేటప్పుడు రైఫిల్ బండిలో అసలు ఉండకూడదు. అది పులుల అభయారణ్యం, అక్కడ ఫారెస్టు వాళ్లకు మీరు చెప్పే కారణం ఏదీ సరిపోదు.

ఏ కన్ను మీది?

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఇది తేల్చుకోండి. రెండు చేతులూ ముందుకు చాపి, బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య చిన్న సందు వదిలి, ఆ సందులోంచి దూరంగా ఉన్న ఒక వస్తువును చూడండి. మా దగ్గరికొచ్చే పిల్లలతో క్లాక్ టవర్ గడియారాన్ని చూడమంటాను. ఇప్పుడు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉంచినప్పుడు గడియారం సందులోనే నిలబడిందో అది మీ బలమైన కన్ను.

కుడిచేత్తో రాసే పిల్లల్లో కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. అలాంటివాళ్లకు కుడిచేతి రైఫిల్ కొనిపెడితే ఏళ్ల తరబడి మెడ వంచుకుని అవస్థ పడతారు. ఎడమవైపు రైఫిలా, లేక ఒక కన్ను కప్పుకోవడమా అన్నది కోచ్‌తో కూర్చుని తేల్చుకోండి. కొన్న తర్వాత మార్చడం ఎంత కష్టమో చూశాను కాబట్టి ఇంతగా చెప్తున్నాను.

మొదటి రెండు నెలలు: అరువు రైఫిల్, ఇంట్లో రోకలి

మీకు దగ్గర్లో షూటింగ్ రేంజ్, అంటే గురి సాధన చేసే చోటు, ఉంటే అక్కడి క్లబ్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. లేకపోతే హైదరాబాద్ వెళ్లాల్సిందే. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో పెద్ద షూటింగ్ రేంజ్ ఉంది. నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఆదివారం పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ప్రైవేటు అకాడమీల్లో కూడా గంటల లెక్కన రైఫిల్ ఇస్తారు. రెండు నెలలు అలా తిరిగితే పిల్లాడికి ఈ ఆట నిజంగా నచ్చిందా, లేక పతకాల వార్త చూసి వచ్చిన ఉబలాటమా అన్నది మీకే తెలిసిపోతుంది. నచ్చకపోతే బస్సు చార్జీలతో పోతుంది.

మిగతా ఆరు రోజులు ఇంట్లో ఏం చేయాలంటారా? పోటీ రైఫిల్ నాలుగు, ఐదు కిలోల మధ్య ఉంటుంది. నిబంధన ప్రకారం 5.5 కిలోలు దాటకూడదు. ఇంట్లో రోకలి ఉంటే తీయండి, బరువు కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు. గోడకు పక్కగా, కాళ్లు భుజాల వెడల్పున పెట్టి నిలబడండి. ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, పిడికిలి మీద రోకలిని మోయండి. బరువు కండ మీద కాదు, ఎముక మీద పడాలి. చెయ్యి వణికితే మోచెయ్యి తుంటి మీద సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఒక నిమిషం నిలబడండి, ఒక నిమిషం దించండి. ఇలా పది సార్లు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు రోకలి వద్దు, తేలికైన కర్ర చాలు.

జాకెట్, బూట్లు, గ్లౌజు

రైఫిల్ కంటే ముందు కొనాల్సినవి ఇవి. నిలబడి కాల్చేటప్పుడు నడుము వెనక్కి, పక్కకు ఒరుగుతుంది. రోజూ గంటలు గంటలు అలా నిలబడితే పెరిగే పిల్లల వెన్నుకు మంచిది కాదు. కాన్వాసు, తోలు కలిపి కుట్టిన గట్టి జాకెట్ ఆ భారాన్ని పట్టుకుంటుంది. అది ఫ్యాషన్ కోసం కాదు, వెన్నెముక కోసం.

జాకెట్ ఎంపికలో ఒకటి గుర్తుంచుకోండి. లోపల పలచని టీషర్టు వేసుకుని కొలతలివ్వండి. పోటీలో దాని మందం కొలుస్తారు, 2.5 మిల్లీమీటర్లు దాటితే ఒప్పుకోరు. ఎంత గట్టిగా ఉందో చూసే పరికరం కూడా ఉంటుంది. కాబట్టి "ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది" అని కుట్టించకండి. ఎదిగే పిల్లలకు సొంత కొలతలతో ఖరీదైన జాకెట్ కుట్టించడం కూడా వద్దు, ఏడాదిన్నరకే చిన్నదైపోతుంది. సీనియర్ పిల్లలు వదిలేసిన జాకెట్ దొరికితే గుండీలు జరిపి వేయండి. మా దగ్గర ఒకే జాకెట్ ముగ్గురి ఒంటి మీదికి మారింది.

మన ఎండల్లో ఈ జాకెట్ ఎంత కష్టమో వేసుకున్నవాళ్లకే తెలుస్తుంది. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటినప్పుడు మధ్యాహ్నం సాధన పెట్టకండి. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి వరకు చాలు. తడిసిన జాకెట్‌ను నీడలో హ్యాంగర్‌కు వేలాడదీయండి. ఎండలో పెడితే తోలు బిగుసుకుపోతుంది, మిషన్లో వేస్తే కాన్వాసు మెత్తబడుతుంది.

బూట్లు అడుగు సమంగా ఉండే షూటింగ్ బూట్లు. మొదటి నెలల్లో అడుగు చదునుగా ఉన్న కాన్వాసు బూట్లతో నెట్టుకురావచ్చు. స్పోర్ట్స్ షూ మాత్రం వద్దు, వాటి మెత్తని అడుగు మీద ఒళ్లు ఊగుతూనే ఉంటుంది. గ్లౌజు రైఫిల్‌ని మోసే చేతికి మాత్రమే. షూటింగ్ ప్యాంటు తర్వాత చూసుకోవచ్చు.

పెల్లెట్లు

పెల్లెట్‌ను దగ్గరగా చూడండి. డమరుకంలా ఉంటుంది: ముందు తల, మధ్యలో నడుము, వెనుక పలచని పావడా. పేపర్ టార్గెట్ మీద కొట్టడానికి చదునైన తల ఉన్నవే తీసుకోవాలి. అవి కాగితాన్ని గుండ్రంగా కోస్తాయి కాబట్టి పాయింటు లెక్క తేడా రాదు. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి. బరువు అర గ్రాము చుట్టుపక్కల ఉండేవి సరిపోతాయి.

డబ్బాలో సాధారణంగా 500 ఉంటాయి. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల కొలత రాసి ఉంటుంది. మొదట్లో ఏదైనా ఒకటి తీసుకుని దానితోనే ఉండండి. రోజుకో రకం మార్చితే తప్పు పెల్లెట్‌దా, మీదా అన్నది ఎప్పటికీ తేలదు. షాట్లు నిలకడగా ఒక రూపాయి బిళ్లంత జాగాలో పడుతున్నప్పుడు, అప్పుడు వేర్వేరు కొలతలు తెచ్చి, రైఫిల్‌ను కదలకుండా బిగించి ఏది దగ్గర దగ్గరగా పడుతుందో చూసుకోవచ్చు.

డబ్బా తెచ్చాక నేను చేసే పని చెప్తాను. ఒక అద్దం ముక్క మీద పదేసి పెల్లెట్లు పోసి వేలితో మెల్లగా దొర్లిస్తాను. మంచివి ఒకే వంపులో తిరుగుతాయి. పావడా నొక్కుకుపోయినది తడబడుతుంది, దాన్ని పక్కన పెడతాను. దేవరకొండ కుర్రాడికి ఇదే పని అప్పగించాను. మందు తూచే మిషన్ చూసి మురిసిన ఓపిక అంతా ఇక్కడ పనికొచ్చింది. గంటసేపు దొర్లించి, "అన్నా, ఇందులో పదకొండు పాడైనయ్" అని తీసిచ్చాడు.

ఇవి సీసం. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. పెల్లెట్లు పట్టుకున్న చేత్తో బిస్కెట్ తినకండి, నోట్లో పెట్టుకోవడం అసలు వద్దు.

ఇంట్లో పది మీటర్లు

పది మీటర్లంటే సుమారు 33 అడుగులు. పట్నం ఇళ్లలో హాల్లోంచి వంటింటి దాకా లెక్క వేసినా చాలామందికి రాదు. ఊళ్లో అయితే ఖాళీ కొట్టం, మిర్యాలగూడ వైపు అయితే పాత మిల్లు గోదాము దొరకొచ్చు. డాబా మీద వద్దు, తప్పిన పెల్లెట్ పక్కింటికి పోతుంది.

టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. వెనుక గట్టి గోడ, దాని ముందు పెల్లెట్ ట్రాప్, అంటే పెల్లెట్‌ను ఆపే పెట్టె. చెక్క పెట్టెలో పాత బట్టలు గట్టిగా కుక్కి, లోపల వెనుకవైపు మందపాటి ఇనుప రేకు పెడితే పని నడుస్తుంది. గట్టి పలకకు నేరుగా కొడితే సీసం ముక్క వెనక్కి తుళ్లుతుంది, అందుకే బట్టలు. వారానికోసారి పెట్టె విప్పి సీసం తీసేయండి. మధ్యలోకి వచ్చే తలుపు ఏదైనా ఉంటే లోపల గడియ పెట్టండి. కోడి వచ్చినా, పిల్లి వచ్చినా రైఫిల్ కిందికి దించాల్సిందే. అక్కడ నిలబడే ప్రతి ఒక్కరి కళ్లకూ అద్దాలు ఉండాలి.

ఇప్పుడు రైఫిల్

రెండు రకాలున్నాయి. స్ప్రింగుది ఒకటి, ముందే గాలి నింపి ఉంచే సిలిండర్‌ది రెండోది. స్ప్రింగు గన్ చవక. కానీ ట్రిగ్గర్ నొక్కాక లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది, ఆ కుదుపు పెల్లెట్ బయటికి వెళ్లకముందే వచ్చేస్తుంది. పైగా పెల్లెట్ లేకుండా ఉత్తగా పేల్చితే పిస్టన్ పాడవుతుంది. ఉత్తి షాట్లు ఈ ఆటలో సగం సాధన. తెల్ల గోడకు గురిపెట్టి, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకు పోటీ రైఫిళ్లలో ప్రత్యేకమైన ఏర్పాటే ఉంటుంది. కాబట్టి పోటీలకు వెళ్లాలనుకుంటే సిలిండర్ రకమే.

జర్మనీ నుంచి వచ్చే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్షుట్జ్ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి. మన దేశంలో ప్రెసిహోల్ లాంటి కంపెనీలు చేసేవి చాలా తక్కువకు వస్తాయి, మొదటి రెండు మూడేళ్లకు అవి చాలు. మన జాతీయ నిబంధనల కింద ఓపెన్ సైట్ (వెనుక గాడిలోంచి ముందు ముల్లును చూసి గురిపెట్టేది) పోటీలు కూడా ఉన్నాయి. అయినా ముందుకు వెళ్లాలనుకునేవాళ్లు వెనుక చిన్న రంధ్రం, ముందు ఉంగరం ఉండే పీప్ సైట్ మీదే మొదలుపెట్టడం మేలు.

కొనేముందు దుకాణంలో ఇది చేయండి. జాకెట్ వేసుకుని వెళ్లండి. రైఫిల్ ఎత్తి, కళ్లు మూసుకుని, భుజానికి ఆనించి, చెంప దాని మీద హాయిగా వాల్చండి. రెండు శ్వాసలు తీసుకుని కళ్లు తెరవండి. వెనుక రంధ్రం మధ్యలో ముందు ఉంగరం గుండ్రంగా కనబడితే చెంపచెక్క ఎత్తు సరిపోయింది. మెడ వంచి వెతుక్కోవాల్సి వస్తే చెంపచెక్క, భుజానికి ఆనే వెనుక పలక జరిపి మళ్లీ చూడండి. జరపడానికి వీల్లేని రైఫిల్ అయితే వదిలేయండి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే. తర్వాత చూపుడువేలి మొదటి కణుపు మెత్తదనం ట్రిగ్గర్‌కు నేరుగా తగులుతుందో లేదో చూడండి. వేలు చాచాల్సి వస్తే రైఫిల్ పొడుగెక్కువ. ఇద్దరు పిల్లలు వాడేదైతే ఇద్దరినీ తీసుకెళ్లండి.

సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. వాటికి గడువు ఉంటుంది, సాధారణంగా తయారీ నుంచి పదేళ్లు. గడువు దాటినది పోటీలో పనికిరాదు, ఇంట్లో కూడా ప్రమాదమే. కొత్త సిలిండర్ ఖర్చు బేరంలో తీసేయమనండి. గాలి నింపి, మీటరు ఎంత చూపిస్తోందో రాసుకుని, ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్లీ చూడండి. ముల్లు కనబడేంత కిందికి దిగితే లీకు ఉన్నట్టు. అమ్మేవాళ్లు ఒక రాత్రి ఆగమంటే ఒప్పుకోకపోతే నేనైతే కొనను.

గాలి

ఈ సిలిండర్లు 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) వరకు నింపుతారు, అంతకు మించి వద్దు. ఒకసారి నింపితే రైఫిల్‌ను బట్టి రెండు మూడు వందల షాట్ల దాకా వస్తాయి. నింపడానికి చేతి పంపు ఉంటుంది, కానీ చివరి యాభై బార్లకు చెమటలు పడతాయి, పిల్లలతో అయ్యే పని కాదు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక పెద్ద డైవింగ్ సిలిండర్ కొనుక్కుని హైదరాబాద్‌లో నింపించుకోవడం తేలిక. మేం అలాగే చేస్తున్నాం.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ దొరుకుతుంది కదా, దాన్ని నింపితే పోలా అనుకునేవాళ్లు ఉన్నారు. ఆక్సిజన్ ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ నింపకూడదు. అంత ఒత్తిడిలో లోపలి కొంచెం నూనెకో, గ్రీజుకో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. పొడి గాలి మాత్రమే. ఊళ్లో టైర్ల కంప్రెసర్ కూడా పనికిరాదు, దాని ఒత్తిడి ఎందుకూ చాలదు.

తీసుకెళ్లడం, దాచడం

బస్సులో రైఫిల్ కేసులోనే ఉండాలి, జిప్పు మూసి, సిలిండర్ విప్పి. బిల్లు, ఆధార్, క్లబ్ కార్డు అదే కేసు జేబులో ఉంచండి. ఎన్నికల రోజుల్లో చెక్‌పోస్టుల దగ్గర అడిగితే పిల్లాడితో చెప్పించకండి, పెద్దవాళ్లే దిగి చూపించండి. కండక్టర్ అడిగితే షూటింగ్ ఆట సామాను అని ముందే చెప్పడం మంచిది.

ఇంట్లో రైఫిల్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి. బారెల్‌లో పెల్లెట్ లేదని తెలిసేలా రంగు దారం ఒకటి బారెల్ పొడవునా దూర్చి రెండు వైపులా కనబడేట్టు వదలండి, పోటీల్లో కూడా ఇదే అడుగుతారు. పెల్లెట్ల డబ్బా వేరే అరలో, తాళం చెవి మీ దగ్గర. పండక్కి చుట్టాల పిల్లలు వస్తారు, "ఒక్కసారి చూపించు మామా" అని అడుగుతారు. చూపించాలనుకుంటే దారం అలాగే ఉంచి, మీ చేతిలోనే పట్టుకుని చూపించండి.